మెక్సికో దగ్గర, మాదిగ గేరి దూరం

మనవాళ్లు ఈ మధ్య బాగా విశాలహృదయులయ్యారు. నమ్మకపోతే ఫ్రిజ్ తలుపు తీసి చూడండి. ఒక సీసాలో కొరియావాళ్ల మిరప ముద్ద, ఇంకో సీసాలో అరబ్బుల నువ్వుల ముద్ద, తలుపు అరలో ఇటలీ ఆలివ్ నూనె, పై అరలో మంచు పట్టిన మెక్సికో రొట్టెల ప్యాకెట్టు. బుధవారం థాయి కూర, శుక్రవారం లెబనాన్, ఆదివారం ఇథియోపియా. వండినదానికల్లా ఒక ఫోటో, ఫోటో కింద ఒక ప్రకటన: "మా వంటింటికి ఎల్లలు లేవు. అన్ని సంస్కృతులనూ మేము ప్రేమిస్తాం."

ఈ ప్రేమ హైదరాబాదులోనో డాలస్‌లోనో ఆగి ఉంటే నా కలానికి పని పడేది కాదు. అది గుమ్మఘట్టకు కూడా వచ్చింది. రాయదుర్గం దాటి కర్ణాటక సరిహద్దు వైపు పోతే తగిలే మండలం ఇది. వేదవతి మీద, మావాళ్ల నోట హగరి మీద, భైరవానితిప్ప దగ్గర 1961లో పూర్తయిన ప్రాజెక్టు ఒకటుంది. అది నిండిన ఏడాదిని జనం ఇంట్లో జరిగిన పెళ్లిని తలుచుకున్నట్టు తలుచుకుంటారు. జిల్లా సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల అని లెక్కల్లో ఉంటుంది. ఆ సగటు ఎప్పుడు పడిందో, ఎవరి చేన్లో పడిందో లెక్కలు చెప్పవు. పండితే శెనక్కాయ, పండకపోతే బెంగళూరు. ఆ బెంగళూరు నుంచే పండక్కి కొడుకూ కోడలూ కారులో దిగుతారు. "అమ్మా, ఈ పూట నువ్వు ఊరికే కూర్చో, మేము టాకోలు చేస్తాం" అంటారు. అమ్మ కూర్చోదు. ఎర్రగడ్డలు తరిగేది ఆమె, మిక్సీ కడిగేది ఆమె, పొయ్యి గట్టు తుడిచేది ఆమె. మెక్సికో మాత్రం కొడుకు ఖాతాలో పడుతుంది. నాయన ఒకటి కొరికి, "బాగుండాది" అని, కాసేపాగి "సంగటి ఏమన్నా మిగిలిందా?" అని అడుగుతాడు.

వీళ్ల జోలికి పోయే ముందు ఎదుటి జట్టు సంగతి తేల్చేయాలి. "ఇదంతా మ్లేచ్ఛుల తిండి, మన పూర్వీకుల వంటను కాపాడుకోవాలి" అని గొంతు చించుకునే పెద్దలు ఉన్నారు. వీళ్లతో పని తొందరగా అయిపోతుంది. సంగటిలోని రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలలది. ఉగాండా పడమటి జిల్లాల్లో ఈనాటికీ రాగిపిండి ఉడికించి ముద్ద చేసుకుని, కాలో అని తింటారు. జొన్న సూడాన్ వైపుది, సజ్జ సహారా ఎడారి దక్షిణపు అంచుది, కొర్ర మొదట సాగయింది ఉత్తర చైనాలో. చింతచెట్టూ ఆఫ్రికాదే. మిరక్కాయ పోర్చుగీసు ఓడలు వచ్చాక దిగిన అమెరికా సరుకు. పూర్వీకుల వంటను కాపాడతానని నడుం కట్టినవాడు ఊరిబిండి నూరే రోట్లోంచి మిరక్కాయ తీసేసి, శెనక్కాయ తీసేసి, చింతపండు తీసేసి, మిగిలిన ఉప్పును ఎంతకాలమైనా కాపాడుకోవచ్చు. మనకేం అభ్యంతరం లేదు.

కాబట్టి పరాయి వంట వండటం తప్పని నేను అనడం లేదు. గుమ్మఘట్టలో అది కొత్తా కాదు. శెనక్కాయ పుట్టిల్లు దక్షిణ బొలీవియా, ఉత్తర అర్జెంటీనాల మధ్య ఆండీస్ కొండల దిగువ నేల. అంటే కరువు సీమకు బొలీవియాతో చుట్టరికం తాతల నాటిది. ఆ చుట్టరికాన్ని ఎవరూ ఫోటో తీయలేదు, ఎందుకంటే అది చేన్లో మట్టి కొట్టుకుని ఉంది. 2013లో అవే కొండల నుంచి ఇంకో చుట్టం దిగింది. దీనికి మాత్రం బ్యాండు మేళం దక్కింది. ఐక్యరాజ్యసమితి ఆ ఏడాదిని క్వినోవా సంవత్సరమంది. బొలీవియా అధ్యక్షుడు ఎవో మొరాలెస్ స్వయంగా దానికి రాయబారి అయ్యాడు. ఆండీస్ బీదలు తరతరాలుగా తిన్న గింజను అమెరికా, ఐరోపా పెద్దలు సలాడ్ల మీద చల్లుకోవడం మొదలుపెట్టేసరికి, 2013 నాటికి దాని ధర అంతకు ఏడెనిమిదేళ్ల ముందున్న ధరకు మూడింతల దాకా పోయింది. ఇక్కడ అనంతపురం కరువు తీర్చడానికి సర్కారు "ప్రాజెక్ట్ అనంత" అని ఒక ప్రణాళిక వేసుకుంటే, నీళ్లు తక్కువ తాగుతుందన్న మంచి పేరుతో క్వినోవా అందులోకి కూడా నడిచొచ్చింది. కొర్ర, సామ, ఆరిక, అండుకొర్ర ఇక్కడే ఉన్నాయి, అవి కూడా నీళ్లు తక్కువే తాగుతాయి. కాకపోతే వాటికి రాయబారి లేడు.

పదేళ్లు ఓపిక పట్టాక వాటికీ రాత తిరిగింది. భారతదేశం అడిగితే ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం చేసింది. ఆ ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి బడ్జెట్ చదువుతూ వీటిని "శ్రీ అన్న" అని గౌరవించారు. అప్పటినుంచి కొర్ర రిసోట్టో, రాగి పాన్‌కేకు, సజ్జ పిజ్జా. కొర్రన్నం అంటే ముక్కు చిట్లించిన ఇళ్లలోనే. ఇక్కడ ఒకమాట న్యాయంగా చెప్పాలి. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాక ఈ పల్లెల్లో కొర్ర, జొన్న వెనక్కి పోయాయంటే అందుకు బీదవాణ్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. తెల్లన్నం పండగనాడు మాత్రమే కనబడిన ఇంట్లో అది రోజూ కనబడుతుంటే ఎవరు వద్దంటారు? నాకు నవ్వొచ్చేది, తెల్లన్నం ఎన్నడూ తక్కువ కానివాళ్లు ఇవాళ జొన్నరొట్టెను "కనుగొన్నందుకు".

ఇక అసలు సిసలు అంతర్జాతీయ వంట చూడాలంటే శెనక్కాయ రైతు ఇంటికే పోవాలి. చేన్లో శెనక్కాయ, అంగట్లో శెనగనూనె, పొయ్యి మీద పామాయిలు. కాయలు అప్పుకింద మండీకి పోతాయి, ఇండోనేసియా, మలేసియా తోటల నూనె ప్యాకెట్టులో ఇంటికొస్తుంది. చాలా ఏళ్లు చౌకదుకాణంలో కూడా అదే ఇచ్చారు. ఉగ్గానికి తిరగబాత పడేది అందులోనే, మిరపకాయ బజ్జీ వేగేది అందులోనే. ఆగ్నేయాసియా ప్రభావం ఇంత లోతుగా ఉన్న వంటిల్లు బెంగళూరు అపార్టుమెంట్లలో ఎక్కడుందో చూపించండి. ఆ ఇంటి ఇల్లాలికి ఇది ప్రేరణ అని ఎవరూ చెప్పలేదు. ఆమె దాన్ని ధర అనుకుంటోంది.

ఇప్పుడు ఆదివారపు ఇథియోపియాకు వద్దాం. టెఫ్ అనే సన్నగింజ పిండి పులియబెట్టి, మన దోసెకు పెద్దన్నలాంటి ఇంజెరా పోస్తారు. టెఫ్ దొరక్కపోతే రాగి కలుపుతారు, బాగానే వస్తుంది. దానిమీద కందిపప్పో ఎర్రపప్పో కుప్పగా పోసి ఫోటో తీస్తారు. ఇథియోపియావాళ్లు క్రైస్తవ ఉపవాస దినాల్లో తినే పప్పు అది. తక్కిన రోజుల్లో ఆ పళ్లెంలో గొడ్డుమాంసం ఉంటుంది, పండగనాడు పచ్చిదే కారం, వెన్న కలిపి కిట్ఫో అని పెడతారు. మనవాళ్లు ఒక దేశపు ఉపవాసాన్ని మాత్రం ఎత్తుకొచ్చి, దానికి ఆ దేశం మొత్తం పేరు పెట్టారు. సరే, ఎవరి నాలుక వాళ్లది. నేను గొడ్డుమాంసం తినమని ఎవరి నోటి దగ్గరా పెట్టడం లేదు. ఆ విందులో అంతకన్నా పెద్దది ఇంకొకటి వదిలేశారు. ఇథియోపియాలో ఇంజెరాను వేరువేరు కంచాల్లో తినరు. అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని, అందులోంచే తుంచుకుంటారు. మీదుమిక్కిలి, ముద్ద కలిపి పక్కవాడి నోట్లో పెట్టడం అక్కడి మర్యాద, గుర్షా అంటారు. ఎంత పెద్ద ముద్ద పెడితే అంత ప్రేమ. ఈ ఒక్క దినుసు ఏ ఆన్‌లైన్ అంగడిలోనూ అమ్మరు. ఆ అపార్టుమెంటులో ఇంజెరా పెనం కడిగే పనిమనిషికి స్టీలు గ్లాసు వేరు, బాల్కనీలో ఒక మూల దాని చోటు వేరు.

మిగతా దేశాల సంగతీ అంతే. వియత్నాం ఫో అంటే గొడ్డు ఎముకలు గంటల తరబడి కాచిన రసం, మనింట్లో అది కూరగాయల నీళ్లు. జపాన్ టోంకొట్సు రామెన్ పంది ఎముకల చారు, మనింట్లో పనీరు. మెక్సికో వీధుల్లో టాకోకు ఆవు నాలుక, పేగులు మహా ఇష్టం, మనింట్లో పుట్టగొడుగులు. దక్షిణాఫ్రికావాళ్లు మాంసాన్ని బద్దలు కోసి, ఉప్పూ కొత్తిమీర గింజలూ పట్టించి, ఆరబెట్టి బిల్టాంగ్ చేస్తారు. విమానాశ్రయాల్లో చక్కటి పొట్లాల్లో అమ్ముతారు. ఆఫీసు పనిమీద జొహానెస్‌బర్గ్ పోయొచ్చిన సీమ బిడ్డ ఒక పొట్లం కొనుక్కుని, గొప్ప రుచి అని మెచ్చుకుంటాడు. డాలస్‌లో ఉన్నవాడు సహోద్యోగులతో బర్గర్ కూడా కానిచ్చేస్తాడు. టెక్సాస్ ఎద్దుకు కులం లేదు కదా.

ఊళ్లో దిగువ గేరిలో, అంటే మాదిగ గేరిలో, అదే బిల్టాంగ్ దండెం మీద ఎండుతూ ఉంటుంది. పేరు తునకలు. కరువు సీమలో ఫ్రిజ్ లేని కాలాన మాంసాన్ని నిలవ చేసుకున్న తెలివి అది. ఎండిన తునకలను నిప్పుల మీద కాల్చో, నానబెట్టి పుంటికూరతోనో చింతపులుసుతోనో ఉడికించో జొన్నసంగటిలోకి తింటారు. గొడ్డు ఎముకల రసం అక్కడ పచ్చి బాలింతకు పెడతారు. అపార్టుమెంట్లలో అదే రసానికి "బోన్ బ్రాత్" అని కీళ్లనొప్పుల మందు హోదా వచ్చింది. పేగులు, నెత్తురు వేపుడు, తలకాయ కూర, ఇవన్నీ ఫ్రాన్సు పేరుతోనో స్పెయిన్ పేరుతోనో వస్తే "ముక్కు నుంచి తోక దాకా ఏదీ పారేయని గొప్ప సంస్కృతి" అని వ్యాసాలు రాస్తారు. గేరిలో వస్తే వాసన అంటారు.

అన్ని సంస్కృతులనూ ప్రేమిస్తాం అన్నవాళ్లను అడుగుతున్నాను: ఊరి నడిమధ్యనున్న మీ ఇంటి నుంచి ఆ గేరికి ఎంత దూరం? మాంసం తినకపోతే పోనీ. అక్కడ రాగి అంబలి ఉంది, అలసంద గుగ్గిళ్లు ఉన్నాయి, ఉలవచారు ఉంది, నూనెచుక్క లేకుండా కాల్చి నూరిన పచ్చిమిరపకాయ కారం ఉంది. ఏ కూరకు ఎన్ని నీళ్లు పోస్తే ఎంతమందికి సరిపోతుందో తెలిసిన ఆడవాళ్లున్నారు. మరాఠ్వాడా కూడా మన సీమలాంటి ఎండు పీఠభూమే. అక్కడి దళితుల వంటల మీద షాహు పటోళే 2015లో మరాఠీలో పుస్తకం రాశాడు. ఆ వంటల్లో నెయ్యీ పాలూ దాదాపు కనపడవు, కారణం పథ్యం కాదు, కొనలేకపోవడం. తెలుగువాళ్లం ప్రపంచ పటం మీద ఎక్కడెక్కడి వంటలకో వీడియోలు చేశాం. దిగువ గేరిలో ఒక ముసలామె దగ్గర కూర్చుని తునకల పులుసు ఎలా చేస్తావమ్మా అని అడిగిన వీడియోలు ఎన్ని చూశారు? ఎవరైనా చేస్తే దానికింద పడే తిట్లు చదివారా? 2012లో ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ పండగ చేసుకుంటే రాళ్లు పడ్డాయి. అదే నగరంలో, అదే ఏడాది, ఖరీదైన హోటళ్లలో స్టేకు వడ్డించినందుకు ఎవరూ రాయి పట్టుకోలేదు.

ఇందుకు మర్యాదస్తుల జవాబు నాకు తెలుసు. "కులాలు ఇప్పుడెక్కడున్నాయండీ?" అంటారు. 2001లో జస్టిస్ పున్నయ్య కమిషన్ ఆంధ్రప్రదేశ్‌లో అంటరానితనం మీద నివేదిక ఇచ్చింది. హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి అప్పటికి చరిత్ర పుస్తకంలోకి పోలేదు. అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు బళ్లో పిల్లలకు వండిన అన్నం పెట్టమంది, 2004 ఏప్రిల్‌లో వంటమనుషుల నియామకంలో దళితులకూ ఆదివాసులకూ ప్రాధాన్యం ఇమ్మంది. మన రాష్ట్రంలో ఆ పథకానికి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది. పప్పులో నీళ్లు మాత్రం నమ్మకంగా అంతే ఉంటాయి. అయినా సకల సంస్కృతుల వంట అంటే అదే. ఒకరు వండితే అన్ని ఇళ్ల పిల్లలూ ఒక వరసలో కూర్చుని తినడం. దానిమీద దేశం ఎట్లా స్పందించిందో చూడండి: దళిత మహిళ వండిందని పిల్లల్ని తినొద్దన్న వార్తలు ఏ ఒక్క రాష్ట్రం నుంచో రాలేదు. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లా నుంచి వచ్చింది అందులో ఒకటి. ఆ ఇళ్లలో నూడుల్స్ తినరని ఎవరైనా పందెం కాస్తారా?

మనకు దారి చూపినవాళ్లు లేక కాదు. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, పౌర్ణమి రాత్రుల్లో సహపంక్తి భోజనాలు పెట్టించాడు. అన్ని కులాలవాళ్లూ పక్కపక్కన కూర్చుని తినాలి, అంతే షరతు. ఇవాళ మనకు ఆవగింజంత చిన్న సంగతిగా కనబడే ఆ పనికి అప్పట్లో ఊళ్లు ఊగిపోయేవి. తర్వాత ఆయన తన కూతురికి దళిత యువకుడితో పెళ్లి చేశాడు. అక్కడితో ఊరుకోకుండా 1972 ఆగస్టు 15న విజయవాడలో గొడ్డుమాంసం, పందిమాంసం పక్కపక్కన పెట్టి, హిందువులనూ ముస్లింలనూ పిలిచి, రండి, తినండి అన్నాడు. స్వయంగా శాకాహారి ఇంట పుట్టిన మనిషి. ఆ పళ్లెంలో ఒరెగానో లేదు, ఆలివ్ నూనె లేదు. తెలుగునాట సంస్కృతుల మధ్య వంట అన్నది ఎవరైనా నిజంగా చేస్తే ఆ రోజు చేశారు. తిన్నవాళ్లకు రుచి ఎట్లా ఉండిందో తెలియదు గాని, తిననివాళ్లకు మాత్రం చాలా రోజులు నోరు చేదుగా ఉండింది.

గుమ్మఘట్ట పరిసరాల్లో ఏ ప్రకటనా లేకుండా గీతలు దాటే తిండి అసలు లేదనను. పీర్ల పండక్కి సావిడి దగ్గర చక్కెర చదివించి పంచితే అన్ని కులాల చేతులూ ముందుకొస్తాయి. పెళ్లిళ్లలో కుష్కా వండే సాయిబుల డేగ్చాలు అందరి పందిళ్లకూ పోతాయి. ఉగ్గాని సంగతి సరేసరి. బొరుగులు నీళ్లలో ముంచి పిండి, పప్పుల పొడి చల్లి తినే ఆ పళ్లెం బళ్లారి వైపూ అదే, ఇటూ అదే, ఎవరు ఎవర్ని చూసి నేర్చుకున్నారో తగువు కూడా లేదు. పొద్దుగూకితే రాయదుర్గం వీధుల్లో తోపుడుబండి మీద గోబీ మంచూరియా. దాని చరిత్ర నాకు మహా ఇష్టం. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో కోడిమాంసంతో మంచూరియా కనిపెట్టాడు. మంచూరియాలో అట్లాంటిది ఎవరూ ఎరగరు. కోడి పోయి కాలీఫ్లవర్ వచ్చింది, ఎక్కడెక్కడికో పోయింది. రంగు మరీ ఎక్కువైతే 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం అందులో కృత్రిమ రంగులు నిషేధించింది, అది మంచిదే. బెంగళూరులో గార పని చేసొచ్చిన కుర్రాళ్లు ఆ బండి చుట్టూ నిలబడి, ఒకే ప్లేటులో పుల్లలు గుచ్చి తింటారు. ఎవరి పుల్ల ఎవరిదో కూడా చూసుకోరు. ఇథియోపియా పళ్లేనికి మన జిల్లాలో అంతకన్నా దగ్గరిది నాకు కనబడలేదు. "అనారోగ్యం, బజారు తిండి" అని దాన్ని చీదరించుకునేవాళ్లే శుక్రవారం రాత్రి లెబనాన్ వండుతారు.

ఊరికే తిట్టి పోవడం పద్ధతి కాదు గనక, వచ్చే ఉగాదికి ఒక ప్రపంచ వంటల పోటీ పెడితే బాగుంటుందనుకుంటున్నాను. నియమాలు కొద్దిగా మారతాయి. పోటీదారు వండకూడదు. అది ఇప్పటికే బాగా వచ్చు కదా. దిగువ గేరిలో ఎవరైనా రమ్మంటే వాళ్లింటికి అతిథిగా పోవాలి. రమ్మనకపోతే, ఇన్నాళ్లూ ఎందుకు రమ్మనలేదో ఇంటికొచ్చి ఆలోచించుకుని, మళ్లీ ఏడాది దరఖాస్తు పెట్టుకోవాలి. వాళ్ల గడప లోపల, వాళ్ల కంచంలో, వాళ్ల కుండలో నీళ్లతో తినాలి. మాంసం తిననివాళ్లకు అంబలి పోస్తారు, మినహాయింపు ఉంది. సొంత నీళ్ల సీసా తెచ్చుకుంటే అనర్హులు. ఫోటోలు లేవు, వీడియోలు లేవు, "ఎంత ఆత్మీయులో" అనే పోస్టులు లేవు. తిన్న కంచం తామే కడగాలి. మరుసటి వారం ఆ ఇంటివాళ్లను తమ ఇంటికి పిలిచి, వాకిట్లో కాకుండా లోపల, మిగతా చుట్టాలు కూర్చున్న చోటే కూర్చోబెట్టి పెట్టాలి. మెనూ వాళ్ల ఇష్టం, టాకోలైనా సరే. న్యాయనిర్ణేతలుగా గేరి ఆడవాళ్లు ఉంటారు, మార్కులు రుచికి కావు.

మొదటి బహుమతికి ఒక మిక్సీ అనుకున్నాం. రెండు, మూడు బహుమతులు కూడా కొనాలా అని కమిటీలో ఒకాయన అడిగాడు. ముందు పేర్లు రానీ, తొందరేముంది అన్నాను.